పదో వేలు

నేను ముద్రణ కళాకారుణ్ణి. ఈ మాట చెప్పగానే కిరండూల్‌లో మా వాడవాళ్లు పెళ్లి శుభలేఖలు ఎన్ని రోజుల్లో ఇస్తారని అడుగుతారు. మోనోటైపు అంటే ఏమిటో పెళ్లయిన కొత్తలో మా ఆవిడకు వివరంగా చెప్పాను. నున్నటి ప్లేటు మీద ఇంకు పూసి, అందులో బొమ్మ దిద్ది, పైన తడి కాగితం పరిచి రోలరు కింద నడిపిస్తే ఆ బొమ్మ కాగితానికి అంటుకుంటుంది. ఆమె అంతా విని, "అయితే ఆ ఇంకు చొక్కాకు అంటుకుంటే ఎలా పోతుందో కూడా చెప్పండి" అంది. ఉతికేది తనే కనుక ప్రశ్న న్యాయమైనదే. ఇంట్లో నా పరువు అంత. వర్క్‌షాపులు పెట్టే ఊళ్లలో మాత్రం అందరూ సారూ అంటారు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అన్న సామెత నన్ను చూసే పుట్టి ఉంటుంది.

ఆ పల్లకీని మోసుకుపోయేది కూడా నేనే. నా ప్రెస్సుకు రెండు రోలర్లు, పక్కన పెద్ద చక్రం ఉంటాయి. ఓ రోజు గీదంలో బస్సు మారుతుంటే కండక్టరు దాన్ని చూసి, చెరుకు రసం మషీను పైకి ఎక్కించమని కేక వేశాడు. నేను హిందీలో కళ గురించి ఉపన్యాసం అందుకున్నాను. ఆయన ఓపిగ్గా విని, "ఠీక్ హై, అయినా పైనే పెట్టండి" అన్నాడు.

ఆ రోజు వెళ్లింది ఎర్రబోరు దాటాక రాష్ట్రం సరిహద్దు దగ్గర, తెలుగు మాట్లాడే ఒక రోడ్డు పక్క ఊరికి. అక్కడి మహిళా సంఘం వాళ్లకు బడి వరండాలో రెండు రోజుల వర్క్‌షాపు. మొదట ఆకులతో మొదలుపెట్టాను. ఇంకు పూసిన ప్లేటు మీద తునికాకు పెట్టి ఒకసారి ప్రెస్సులో నడిపి, ఆకు తీసేస్తే అడుగున మిగిలిన ఇంకులో ఈనెలు నిలుస్తాయి. దాన్ని ఇంకో కాగితం మీదికి తీస్తే ప్రతి ఈనే వెంట్రుకంత సన్నగా పడుతుంది. ఆకును సృష్టించింది నేనే అన్నట్టు ఆ కాగితం పైకెత్తి చూపించాను. "చెట్టుకు మస్తుగున్నయి గద సారూ ఆకులు" అంది ముందు కూర్చున్నావిడ.

వెనక నుంచి యాభై దాటిన ఒకామె లేచి వచ్చింది. కూలి పని చేసుకునే మనిషి. కాగితం మీద ఈనెలను వేలితో తడిమి చూసి, "ఇంత సన్న గీతలు పడ్డయి గద సారూ. నా అంగూఠా పడ్తదా?" అని బొటనవేలు చూపిస్తూ అడిగింది.

ఏళ్ల తరబడి సరిహద్దు అవతలి రాష్ట్రంలో మిర్చి ఏరే కూలికి పోయి ఆమె వేళ్లు అరిగిపోయాయి. రేషన్ దుకాణంలో మషీను ఆమె వేలిని గుర్తుపట్టడం లేదు. "మూడు నెల్ల సంది బియ్యం లేవు. కొడుకు మిర్చికి పోయిండు, కోడలి పేరు ఇంక కార్డుల ఎక్కలే. అది బాలింత సారూ. పక్కింట్ల అడిగి తెచ్చి వండి పెడుతున్న" అంది.

ఈ సంగతి విన్నాక ఏ తెలివైనవాడైనా నోరు మూసుకుంటాడు. నేను మాత్రం, మషీనుకు చేతకానిది నా ప్రెస్సుకు చేతనవుతుందని అందరి ముందూ ప్రకటించాను. ఆమె బొటనవేలిని ఇంకు మీద నొక్కించి అచ్చు తీశాను. గీత లేదు, తెల్లటి మచ్చ పడింది. ఇంకు చిక్కగా ఉందన్నాను. పలచన చేస్తే మళ్లీ మచ్చే. ఈసారి కాగితం తడి చాలలేదన్నాను. తరువాత తడి ఎక్కువైందన్నాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు చివరికి ప్రెస్సు కింద బల్లను కూడా తిట్టాను. ఆమె మాత్రం విసుక్కోకుండా ప్రతిసారీ వేలు కడుక్కుని మళ్లీ నా ముందు పెట్టేది. అప్పుడు నాకు నిజంగా సిగ్గేసింది.

ఇక తప్పించుకునే దారి లేక, అన్ని వేళ్లూ ఒకేసారి పెట్టమన్నాను. తొమ్మిదే పెట్టింది. ఎడమ చిటికెన వేలు పైకి లేపి పట్టుకుంది.

"అదెందుకు సారూ, పనికిరాని వేలు. చిన్నప్పుడు కొడవలికి తెగి ఒంగకుంటయింది. ఆధార్ తీసిన్నాడు ఒక్కసారి పెట్టిచ్చిన్రు, దుకాణంల గూడ పెట్టలే."

ఇక్కడ నాకేదో మెరుపులాంటి ఆలోచన వచ్చిందని రాసుకోవాలని ఉంది. కానీ రాలేదు. కుడివైపు అయిదు, ఎడమవైపు నాలుగు ఉంటే కాగితం మీద ఓ మూల బోసిగా ఉంటుందని నా బాధ. "బొమ్మ నిండుగా ఉండాలమ్మా, అది కూడా పెట్టండి" అని పట్టుబట్టాను. ఇబ్బంది పడుతూనే పెట్టింది.

కాగితం లేపాను. నల్లటి ఇంకు మధ్య తొమ్మిది నున్నటి తెల్ల మచ్చలు. పదో దాంట్లో మాత్రం సన్నటి గీతలు, చుట్టూ తిరిగి మధ్యలో ఓ సుడి. బొమ్మ కూర్పు ఎంత బాగా కుదిరిందో నేను చెబుతూనే ఉన్నాను. ఆమె మాత్రం కాగితం మీదికి వంగి చూస్తోంది.

"దీనికి నేనెప్పుడు పని చెప్పలే. అందుకే అరగలే" అంది మెల్లగా.

మర్నాడు పొద్దున ఆమె రాలేదు. దుకాణానికే పోయిందన్నారు. నాకు పాఠం మీద మనసు నిలవలేదు. ఈ వేలు కూడా పడకపోతే, మూడు నెలలుగా ఆకలితో ఉన్న మనిషికి ఇంకో ఆశ చూపించి లాక్కున్నవాణ్ణవుతాను. ఆడవాళ్లు ఏదడిగినా తలూపుతూ, వరండా మెట్ల వైపే చూస్తూ కూర్చున్నాను.

అన్నాల వేళకు నెత్తిన మూటతో వచ్చింది. "తీస్కుంది సారూ మషీను!" అని దూరం నుంచే అరిచింది. నాకు ఏడుపు వచ్చేసింది. చేతికున్న ఇంకు సంగతి మరిచి కళ్లు తుడుచుకున్నాను. నల్లబడ్డ నా ముఖం చూసి వరండా అంతా పగలబడి నవ్వింది. అందరికంటే గట్టిగా ఆమే నవ్వింది.

నవ్వు ఆపుకుని, "నిన్నటి కాయితం నాకియ్యి సారూ" అంది.

ఆరబెట్టిన ఆ కాగితం వైపు చూశాను. అప్పటికే దానికో పేరు పెట్టి, కింద పెన్సిల్‌తో సంతకం చేసి, ఏ ఎగ్జిబిషన్‌లో ఏ గోడకు పెట్టాలో కూడా అనుకున్నాను. ఇన్నేళ్లలో నేను తీసిన అచ్చుల్లో అంత మంచిది లేదు.

"అది ఒక్కటే ఉందమ్మా. ప్లేటు కడిగేశాను, మళ్లీ రాదు" అన్నాను.

"నాకు గూడ ఆ వేలొక్కటే ఉంది గద సారూ" అంది.

రబ్బరు తీసి నా సంతకం చెరిపి, కాగితం ఆమె చేతికిచ్చాను.