ఎత్తిన బరువులో ఎవరి వాటా ఎంత

కరోనా తర్వాత జిమ్‌లు పూర్తిగా తెరుచుకున్న మరుసటి ఏడాది, దసరా సెలవులు ముగిసిన వారంలో, చిక్కడపల్లి మెయిన్ రోడ్డుకు కాస్త లోపలగా ఉన్న ఒక జిమ్‌లో ఫ్లోర్ ట్రైనర్‌గా చేరాను. పగలు పదకొండు నుంచి ఒంటిగంట దాకా నడిచే ఆడవాళ్ల బ్యాచ్‌ను నాకు అప్పగించారు. అంతకుముందు కోఠిలో అసిస్టెంట్‌గా పనిచేశాను. ఈ పనిలో మెట్లు తక్కువ. అసిస్టెంట్ డంబెల్స్ సర్ది, కొత్తవాళ్లకు మెషీన్లు చూపిస్తాడు. ఫ్లోర్ ట్రైనర్ బ్యాచ్ మొత్తాన్ని చూసుకుంటాడు. పర్సనల్ ట్రైనర్ ఒక్కొక్కరికీ విడిగా నేర్పి విడిగా ఫీజు తీసుకుంటాడు. నేను రెండో మెట్టు మీదే ఉండి, ముప్పై నిండకముందే మానేశాను. దాన్ని రిటైర్మెంట్ అంటే మా ఆయన నవ్వుతాడు. పాపకు మూడేళ్లొచ్చాయి, నేను తిరిగి వెళ్లలేదు, వెళ్లే ఆలోచనా లేదు. కాబట్టి ఆ మాటే సరైనదని నా ఉద్దేశం.

జిమ్‌లో పనిచేశానని తెలియగానే అందరూ అడిగేది ఒకటే. ఆడవాళ్లు బరువులు ఎత్తేది అందంగా కనపడటానికా, బలం కోసమా అని. ఎవరైనా కొత్తగా చేరిన రోజు మేమూ అదే అడిగేవాళ్లం, ఎందుకంటే వ్యాయామాల వరుస దాన్నిబట్టే మారుతుంది. కండ తీరు కోసమైతే మోస్తరు బరువు, ఎక్కువసార్లు. బలం కోసమైతే పెద్ద బరువు, తక్కువసార్లు, మధ్యలో ఎక్కువ విరామం. మా బ్యాచ్‌లో చాలామంది మొదటి రకం. నల్లకుంట నుంచి స్కూటీ మీద వచ్చే సరళ గారు దాపరికం లేకుండా చెప్పేశారు. "మా మరిది కొడుకు పెండ్లి వీడియోల నా చేతులు జూసి నాకే బుగులైంది. గవి జర తగ్గియ్యి, నీకు పుణ్యముంటది."

బలం కోసమని చెప్పింది ఒక్క మౌనికే. వాళ్లది మహబూబ్‌నగర్ వైపు ఊరు. అమ్మానాన్నలు భవన నిర్మాణ పనులకు వచ్చి ఇక్కడే బస్తీలో గది కిరాయికి తీసుకుని స్థిరపడ్డారు. మౌనిక నారాయణగూడలో డిగ్రీ చదివి, అశోక్‌నగర్‌లో కానిస్టేబుల్ పరీక్షకు కోచింగ్ తీసుకుంటోంది. మొదటి రాతపరీక్ష గట్టెక్కింది. చలికాలంలో దేహదారుఢ్య పరీక్ష: పరుగు, లాంగ్ జంప్, నాలుగు కిలోల ఇనుపగుండు విసరడం. మళ్లీ నోటిఫికేషన్ ఎప్పుడు పడుతుందో ఎవరికీ తెలియదు, పడేసరికి ఆమెకు వయసు దాటిపోతుంది. కాబట్టి ఆమెకు ఉన్నది ఈ ఒక్క అవకాశమే.

ఆమె జిమ్‌కు పేరు తెచ్చిన మనిషి కూడా. నాకు ముందు ఆ బ్యాచ్ చూసిన కిరణ్, ఆమె బెంచ్ ప్రెస్ చేస్తుండగా తీసిన వీడియోలు బాగా తిరిగాయి. బెంచ్ ప్రెస్ అంటే బల్ల మీద వెల్లకిలా పడుకుని, ఇనుపకడ్డీని ఛాతీ దాకా దించి మళ్లీ పైకి నెట్టడం. యాభై ఐదు కిలోలతో ఆమె ఫొటో వేసి జిమ్ యజమాని యాదగిరి అన్న మెట్ల దగ్గర ఫ్లెక్సీ కట్టించాడు. అది చూసే చాలామంది ఆడవాళ్లు చేరారు. తర్వాత కిరణ్ పెద్ద జిమ్‌లో ఉద్యోగం దొరికి వెళ్లిపోయాడు.

ఇక్కడ మా వృత్తి పద్ధతి ఒకటి చెప్పాలి. బెంచ్ ప్రెస్ చేసేవాళ్ల తల వెనక ఒకరు నిలబడి, కడ్డీ కింద చేతులు పెట్టి సిద్ధంగా ఉంటారు. దాన్ని స్పాటింగ్ అంటారు. ఎత్తలేక కడ్డీ మీద పడితే పట్టుకోవడానికి ఆ చేతులు. కానీ చాలా జిమ్‌లలో అవి పట్టుకోవడంతో ఆగవు. మెల్లగా ఎత్తుతూ, "అంతా నీదే, అంతా నీదే" అని అరుస్తారు. పడుకున్నవాళ్లకు కనిపించేది పైకప్పు, ట్రైనర్ గడ్డం. వెనకనున్న చేతులు ఎంత ఎత్తుతున్నాయో తెలియదు. వారం వారం బరువు పెరుగుతుంది, సంతోషంగా ఇంటికెళ్తారు, ఫీజు కట్టడం మానరు. ఇది మోసమని ఎవరూ అనుకోరు, ప్రోత్సాహం అనుకుంటారు.

నేను చేరేటప్పటికి నాకు మూడో నెల. బరువులు ఎత్తొద్దని డాక్టరు గట్టిగా చెప్పింది. ఆ సంగతి యాదగిరి అన్నకు ముందే చెప్పి చేరాను. అందుకని మొదటి రోజు మౌనిక బెంచ్ మీద పడుకోగానే, వెనక నిలబడే బదులు, కడ్డీని ఆనించే ర్యాక్‌కు రెండు పక్కలా సేఫ్టీ కడ్డీలు దూర్చాను. బరువు జారినా మెడ మీద పడకుండా అవి ఆపుతాయి. నేను పక్కకు వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాను.

ఆమె యాభై ఐదు కిలోలు దించింది. ఛాతీ దాకా వచ్చిన కడ్డీ అక్కడి నుంచి కదల్లేదు. మొహం ఎర్రబడింది, కాళ్లు నేలను తన్నాయి. కడ్డీ సేఫ్టీల మీద వాలింది. బ్యాచ్ మొత్తం ఇటే చూస్తోంది.

లేచి కూర్చుని నన్నే చూసింది. "ఎందుకు పట్టలేదక్కా?"

"పట్టలే. పట్టను గూడ," అన్నాను.

బరువు తగ్గిస్తూ వచ్చాను. ముప్పై ఐదు దగ్గర కడ్డీ వణుకుతూ పైకి వెళ్లింది. అంటే మిగతా ఇరవై కిలోలు కిరణ్ చేతులవి. ఆ మాట నేను అనలేదు, ఆమే లెక్కగట్టుకుంది. తువ్వాలు భుజాన వేసుకుని మెట్లు దిగిపోయింది.

యాదగిరి అన్న తన కాలంలో బాడీబిల్డింగ్ పోటీలకు వెళ్లినవాడు. మంచి మనిషి, కానీ జిమ్ కిరాయి కట్టగలనా అన్న భయం ఎప్పుడూ ఉండేది. నన్ను క్యాబిన్‌లోకి పిలిచి, నా పరిస్థితినే సాకుగా వాడమన్నాడు. ట్రైనర్ కడుపుతో ఉంది, అందుకే పట్టుకోలేదని చెబితే అందరూ ఒప్పుకుంటారు, సాయంత్రం బ్యాచ్ చూసే కుర్రాణ్ని కడ్డీ పట్టుకోవడానికి పంపుతాను, మళ్లీ అంతా మామూలవుతుంది అన్నాడు. అబద్ధం కూడా కాదు కదా అని ఆయన వాదన.

నాకు ఆ ఉద్యోగం అవసరం. కానుపు దాకా అయినా ఉండాలి. పైగా అప్పుడు ప్రతి చిన్న నొప్పికీ భయపడుతూ, రాత్రిళ్లు నిద్ర పట్టకుండా ఉండేదాన్ని, గొడవ పెట్టుకునే ఓపిక లేదు. అయినా ఆ పరీక్ష రోజు గ్రౌండ్‌లో ఆమె వెనక ఎవరు నిలబడతారని అడిగాను. "గామె గుండిసురుడుకు, బెంచికి ఏం సంబంధం?" అన్నాడు. సంబంధం కొంచెమే, నిజమే. గుండు విసరడంలో బలం కాళ్ల నుంచీ నడుము నుంచీ వస్తుంది, చెయ్యి చివరకు అందుకుంటుంది. కానీ తను చాలా బలమైనదాన్నని నమ్మి, గుండు ప్రాక్టీసే ఆమె పక్కన పెట్టేసింది. అదీ అసలు ప్రమాదం. ఇక నుంచి ఈ బ్యాచ్‌లో ఎవరికీ చెప్పకుండా బరువు ఎత్తిపెట్టనని, అలా కుదరకపోతే ఇంకొకరిని చూసుకోమని చెప్పాను. ఆయన కాసేపు టేబుల్ మీద వేళ్లతో కొట్టి, "ఆడోళ్లు మానేస్తే నువ్వే జవాబు జెప్పాలె," అన్నాడు.

మౌనిక రెండు రోజులు రాలేదు. మూడో రోజు పని దగ్గర నుంచి నేరుగా వాళ్లమ్మ వచ్చింది, చీర కుచ్చిళ్ల మీద సిమెంటు దుమ్ముతో. తన పేరు ఎల్లమ్మ అని చెప్పి, ఏసీ గాలికి కొంగు కప్పుకుని బెంచ్ అంచున కూర్చుంది. పిల్ల అన్నం తినడం లేదట, అందరి ముందు దాని ఇజ్జత్ ఎందుకు తీశారని నిలదీసింది. నేను జరిగింది చెప్పాను. ఆమె ఒప్పుకోలేదు.

"ఇసుక తట్ట నెత్తిమీదికి ఎత్తాల్నంటే ఇంకొకలు చెయ్యెయ్యాలె. అందరం గట్లనే ఎత్తుకుంటం. గా పిలగాడు చెయ్యేస్తే తప్పేంది?"

చెయ్యి వేయడం తప్పు కాదన్నాను. తట్టకు చెయ్యి వేసిన మనిషి ఎదురుగా ఉంటుంది, ఎవరెంత ఎత్తారో ఇద్దరికీ తెలుస్తుంది, రేపు ఆ మనిషి లేకపోతే తట్ట సగమే నింపుకుంటారు. మౌనికకు ఆ సంగతే తెలియకుండా చేశారు. ఆమె కొంగు సర్దుకుని లేస్తూ, "రేపు తోలిస్త. ఏడిస్తె ఏడ్వనియ్యి," అంది.

మరునాడు మౌనిక వచ్చింది. ఫ్లెక్సీ తీసేయమని అన్నను అడుగుదామా అన్నాను. వద్దంది. "ఉండనియ్యక్కా. దాన్ని జూస్తే కోపమొస్తది. కోపముంటేనే నేను జేస్త."

ఉన్నది తక్కువ సమయం. బెంచ్ ప్రెస్ వారానికి ఒకసారికి తగ్గించి, బరువు భుజాన మోస్తూ కూర్చుని లేచే స్క్వాట్‌ను ముఖ్యం చేశాను. కాళ్లతో ఊపు తీసుకుని కడ్డీని తలపైకి నెట్టడం, బరువు బంతిని గోడకు విసరడం దాని తర్వాత. ప్రతిదానికీ సేఫ్టీ కడ్డీలే, మనిషి చేతులు లేవు. ఎక్కడైనా నేను వేలు పెట్టాల్సి వస్తే పైకే చెప్పి పెట్టేదాన్ని, ఆ సారి లెక్కలోకి రాదు. పొద్దున్నే నారాయణగూడలో ఒక కాలేజీ గ్రౌండ్‌కు వెళ్లేవాళ్లం. నేను రాతి బల్ల మీద కూర్చుని చూసేదాన్ని. గుండును మెడకు ఆనించి, వంగిన మోకాలి నుంచి లేస్తూ నెట్టాలి. ఆమె చేతితో రాయి విసిరినట్టు విసిరేది. పరీక్షలో దాటాల్సిన దూరానికి సున్నంతో గీత గీసుకున్నాం; మొదటి రోజు గుండు దానికి చాలా ఇవతల పడింది. తీసుకొచ్చి మళ్లీ విసిరింది. ఇవతలే పడింది.

ఈలోగా మా బ్యాచ్‌లో ఊహించనిది జరిగింది. సరళ గారికి అనుమానం పట్టుకుంది. "అయితే గిన్ని దినాల సంది నేనెత్తినది నేనెత్తిన్ననా, కిరణ్ ఎత్తిండా?" అని అడిగి, తననూ సేఫ్టీలు పెట్టి చూడమన్నారు. ఖాళీ కడ్డీ కూడా సగంలోనే ఆగిపోయింది. కొంచెంసేపు చిన్నబుచ్చుకుని, "మరి నా ఫీజుల సగం వానికే ఇయ్యాలె," అని నవ్వారు. ఒక్కొక్కరూ తామెత్తే బరువును అలాగే సరిచూసుకున్నారు. ఇద్దరు ముగ్గురు మాత్రం నాతో మాట్లాడకుండా వేరే జిమ్‌కు మారిపోయారు. యాదగిరి అన్న ఆ వారం నా వైపు చూడలేదు. ఉన్నవాళ్లు మాత్రం అద్దం ముందు నిలబడటం మానలేదు, మానమని నేనూ అనలేదు. సన్నబడాలని వచ్చిన సరళ గారు ఖాళీ కడ్డీని తన చేతులతో శుభ్రంగా ఎత్తిన రోజు, అద్దంలో చూసుకుంటూనే ఎత్తారు.

పరీక్ష ముందు వారంలో మౌనిక గుండు గీత మీద పడుతోంది. ఒకసారి అవతల, ఒకసారి ఇవతల. బెంచ్ మీద నలభైకి వచ్చింది. నేను లోపల బెంబేలెత్తుతూ, పైకి మాత్రం మోకాలు, మోకాలు అని ఒకటే చెబుతూ ఉన్నాను.

పరీక్ష రోజు నన్ను గ్రౌండ్‌లోకి రానివ్వరు, బయట పగలంతా నిలబడే స్థితిలోనూ లేను. పగలంతా ఫోను చేతిలోనే పెట్టుకున్నాను. సాయంత్రం ఆమె నేరుగా జిమ్‌కు వచ్చింది, ముక్కు మీద ఎండ కమిలి. పరుగు, జంప్ అయిపోయాయి. గుండుకు మూడు అవకాశాలు. మొదటిసారి విసిరే చోట ఉన్న గీతను కాలు తొక్కింది, లెక్కలోకి తీసుకోలేదు. రెండోది ఇవతల పడింది. మూడోది అవతల.

రెండోది పోయాక ఏమనుకున్నావని అడిగాను.

"ఎనుకకు జూసిన అక్కా. ఎవ్వరు లేరు. పోయినా నాదే, వచ్చినా నాదే అనుకున్న. మోకాలు వంచిన."

తర్వాత చివరి రాతపరీక్ష కూడా గట్టెక్కి కానిస్టేబుల్ అయింది. బెంచ్ మీద యాభై ఐదు ఆమె ఎన్నడూ ఎత్తలేదు, ఎత్తాల్సిన అవసరం పడలేదు. నేను ఏడో నెలలో ఉద్యోగం మానేశాను.

ఆ చలికాలంలో నేను నేర్చుకున్నది ఇంతే. అందం కోసం ఎత్తేవాళ్లు తక్కువవాళ్లు కారు, బలం కోసం ఎత్తేవాళ్లు ఎక్కువవాళ్లూ కారు. ఎవరు ఎందుకు వచ్చినా, ఎంత ఎత్తారో వాళ్లకు నిజంగా తెలియాలి. ట్రైనర్ చెయ్యి ప్రమాదం ఆపడానికి. అంతకు మించి ఎత్తితే ఎంత ఎత్తిందీ అక్కడికక్కడే చెప్పాలి. చెప్పకుండా ఎత్తిన ప్రతి కిలో, ఆ మనిషి ఒంటరిగా నిలబడాల్సిన రోజున తక్కువ పడుతుంది.