అత్త నోరు

మా అత్త జీడితోటకు బయల్దేరితే దారిపొడవునా మావను తిడుతూనే ఉండేది. మావ వినిపించనట్టు వెనకాల నడిచేవాడు.

ఆ ఏడు ఉద్దానంలోకి పెద్దపులి వచ్చింది. మనిషి అలికిడికి అది తప్పుకుపోతుందని, తోటల్లో గట్టిగా మాట్లాడుకుంటూ తిరగమని ఫారెస్టువాళ్లు మైకులో చెప్పారు.

"ఆ పని నాకు నేర్పాలేటి?" అంది అత్త.

మర్నాడు జీడిపిక్కలు ఏరడానికి ముగ్గురం వెళ్లాం. పెళ్లినాడు మావ చేసిన తప్పులదాకా తవ్వుకుంటూ అత్త నడుస్తోంది. చెట్ల కింద తడి ఇసుకలో చిన్న పళ్లెమంత పులి అడుగు కనిపించింది. దాని అంచులు ఇంకా రాలలేదు. అంటే పులి అప్పుడే వెళ్లింది. అత్త నోరు ఠక్కున మూతపడింది.

మావ గబుక్కున ముందుకొచ్చి అత్త కొంగు పట్టుకుని బతిమాలాడు.

"ఆపేసినావేటే? నీకు దండమెడతాను, తిట్టే!"