కంట్రోలు చేను

మా అవ్వకు, అంటే నాయన తల్లికి, కోపం ఎక్కువ. అది నాకే వచ్చిందని ఇంట్లో అందరూ అంటారు. అన్నవాళ్ళతో నేను రెండు రోజులు మాట్లాడను కాబట్టి, వాళ్ళు చెప్పింది నిజమేనేమో.

మా ఊరు ముదిగుబ్బకు దగ్గర. కదిరి బస్సు దిగి మట్టిరోడ్డు పట్టుకుని నడవాలి. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, ఎండాకాలంలో, ఆ రోడ్డు వెంట నెత్తిన తువ్వాలు కప్పుకుని ఒక పరిశోధక విద్యార్థి వచ్చాడు. కృష్ణా కాలువల పక్కన పుట్టి పెరిగినవాడు. సుస్థిర వ్యవసాయం మీద డాక్టరేటు చేస్తున్నానని రచ్చబండ దగ్గర చెప్పాడు. అక్కణ్ణుంచి మా వీధికి వచ్చేలోపలే ఆ మాటలు వేషం మార్చేశాయి. సుస్థిర కాస్తా సుస్తీ అయింది. సుస్తీ అంటే మా వైపు జబ్బు. డాక్టరేటు చేస్తున్నవాడు ఎలాగూ డాక్టరే. ఇంకేం, మొదటి వారమంతా ఆయన దగ్గరికి మోకాళ్ళ నొప్పులవాళ్ళు, కంటి పొరలవాళ్ళు, దగ్గుతున్న ఒక గొర్రె వరస కట్టారు. నేను చేలకు మాత్రమే డాక్టరునండీ అని ఆయన మొత్తుకున్నాడు. నిజానికి అప్పటికి దానికీ కాలేదు.

ఆయన అసలు పని ఇదీ. ఏళ్ళ తరబడి వేరుశనగ ఒక్కటే వేసి వేసి మా ఎర్రనేలలు చప్పబడిపోయాయి. సంచుల ఎరువు కొనకుండా, గొర్రెల మంద కట్టించి నేలకు మళ్ళీ సత్తువ తెప్పించవచ్చా, వానల్ని నమ్ముకున్న కుటుంబం దాంతో బతకగలదా అన్నది ఆయన తేల్చాలి. మంద కట్టించడమంటే కాపరి తన గొర్రెల్ని రాత్రిళ్ళు చేనులోనే పడుకోబెట్టడం. తెల్లారేసరికి నేలకు దక్కవలసింది దక్కుతుంది. మా నాయనకు సారు అనిపించుకునే ఎవరినైనా చూస్తే ప్రాణం లేచొస్తుంది. అడగక ముందే గుట్ట కింది చేను ఇచ్చేశాడు. విద్యార్థి దాన్ని రెండు చెక్కలు చేసి, మధ్యలో సున్నం పూసిన రాళ్ళు పాతించాడు. విత్తనం ఒకటే, విత్తే రోజు ఒకటే. ఒక చెక్కకు మంద, రెండో చెక్కకు ఏమీ లేదు. అంతే తేడా.

నేనప్పుడు అనంతపురంలో బి.ఏ. చదువుతూ సెలవులకు వచ్చి ఉన్నాను. ఆయన ఆ రెండో చెక్క గురించి అవ్వకు వివరించినప్పుడు పక్కనే ఉన్నాను.

"ఇది కంట్రోలండీ, మామ్మగారూ."

"గారు గీరు ఎందుకప్పా, అవ్వా అను. ఏందీ, కంట్రోలా? మన చేన్లోనా?"

"అవునండీ. కంట్రోలు లేకపోతే దేనికీ లెక్క తేలదు."

"అవు మరి. కంట్రోలు లేకపోతే పేదోళ్ళ గతేమి?"

పేదవాళ్ళు మధ్యలో ఎందుకొచ్చారో ఆయనకు అంతుపట్టలేదు. పెద్దావిడ కదా అని ఊరుకుని, "దీనికి మేము ఏమీ పెట్టమండీ" అన్నాడు.

"కంట్రోలుకు ఎవురు మాత్రం ఏం పెట్టినారులే నాయనా" అని అవ్వ నిట్టూర్చింది.

ఒకరి మాట ఒకరికి పూర్తిగా అర్థమైందన్న తృప్తితో ఇద్దరూ మజ్జిగ తాగారు.

ఇక్కడొక సంగతి చెప్పాలి. ప్రయోగంలో పోలిక కోసం ఏమీ పెట్టకుండా వదిలేసినదాన్ని సైన్సువాళ్ళు కంట్రోలు అంటారు. మా వైపు చౌకధరల దుకాణాన్ని కంట్రోలు అంటారు. కంట్రోలు బియ్యం, కంట్రోలు చక్కెర, కంట్రోలు కిరసనాయిలు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ అవ్వకు తెలిసిన కంట్రోలు అదొక్కటే. ఆ బియ్యంలో రాళ్ళు ఏరి ఏరి ఆమె వేళ్ళు అరిగాయి. తనకు ఎదురుపడిన ప్రతి దుకాణదారునీ తిట్టిపోసింది. అలాంటి కంట్రోలుకు ఇకమీద సరుకు తన చేనులోనే పండబోతోందని ఆమెకు తెలిసిపోయింది. పైగా ప్రభుత్వం దానికి పైసా పెట్టదని ఆ పిల్లవాడే నోటితో చెప్పాడు. అంటే రేపు ఊరికి పుచ్చు కాయలు పోతే తిట్లు ఎవరికి? దుకాణానికి కాదు, మా ఇంటికి.

ఈ భయం అవ్వకు నిద్ర పట్టనివ్వలేదు. పరమాన్నం పలచనైందని ఒకసారి పెళ్ళిలో ఎవరో అంటే ఏడాదిపాటు వాళ్ళ గడప తొక్కని మనిషి ఆమె. బోరింగు దగ్గర నలుగురికీ మాట ఇచ్చేసింది. "ఈ తూరి కంట్రోలు బుడ్డలు మా చేన్లోవే. ఒక్క పుచ్చిన కాయ వచ్చినా నన్నడగండి." బుడ్డలంటే వేరుశనగ కాయలు. ఊరంతా కంట్రోలు కంట్రోలు అని చెప్పుకుంటుంటే మా నాయన విని, జనానికి సైన్సు వంటబట్టిందని మురిసిపోయాడు.

విద్యార్థి కాపరికి చెక్క చూపించి విశ్వవిద్యాలయానికి వెళ్ళాడు. నేను హాస్టలుకు వెళ్ళాను. చూపించిన చెక్కలో మంద కట్టడం అయిపోగానే అవ్వ కాపరిని పట్టుకుంది. జొన్నలు కొలిచి ఇచ్చి, మందను కంట్రోలు చెక్కలోకి తోలించింది. అది చాలదని దిబ్బ ఎరువు తోలించింది. పొయ్యి బూడిద చల్లింది. ఏరగలిగినన్ని రాళ్ళు ఏరింది. తర్వాత దుక్కి దున్నేశారు. విత్తనాల వేళకు విద్యార్థి వచ్చి చూస్తే రెండు చెక్కలూ ఒకే ఎరుపు.

ఆ ఏడు వాన మామీద ఎందుకో దయ తలచింది. మంద కట్టిన చెక్క బాగుంది. ఏమీ పెట్టని చెక్క అంతకన్నా బాగుంది. విద్యార్థి రోజూ స్కేలు పట్టుకుని వెళ్ళి, మొక్కల్ని కొలిచి, దిగులుగా తిరిగొచ్చేవాడు. మొదట వాలు వల్ల అన్నాడు. తర్వాత గుట్ట మీది ఆకులు కొట్టుకొచ్చాయన్నాడు. చివరికి మట్టిలో ఎవరూ కనిపెట్టని సూక్ష్మజీవి ఏదో ఉందని నమ్మి రెండు రోజులు సంతోషంగా ఉన్నాడు. ముదిగుబ్బలో ఫోను బూత్ నుంచి ప్రొఫెసరుకు ఫోను చేసి, "కంట్రోలు బ్రహ్మాండంగా ఉందండీ" అని మొరపెట్టుకున్నాడట. బూత్ అతను అది విని, ఎక్కడండీ ఆ కంట్రోలు, మా కార్డు అక్కడికి మార్పించుకుంటాను అన్నాడట.

పంట పీకే రోజున ప్రొఫెసరు జీపులో వచ్చాడు. దసరా సెలవులకు నేనూ ఇంటికొచ్చాను. చెట్లు పీకి, కాయలు దులిపి, తూకానికి పోస్తున్నాము. ప్రొఫెసరు గంభీరంగా మట్టిని వాసన చూస్తున్నాడు. అంతలో గట్టు మీద ఒక ముసలామె కనబడింది. చేతిలో సంచి, సంచిలో తెల్ల రేషను కార్డు. ఆమె వెనక ఇంకొకామె. ఆ వెనక సగం ఊరు. ఎవరూ చెప్పకుండానే వరసలో నిలబడ్డారు. దుకాణం దగ్గర ఏనాడూ నిలబడని మగవాళ్ళు కూడా నిలబడ్డారు.

"వీళ్ళంతా ఎవరు?" అని ప్రొఫెసరు అడిగాడు.

ముందున్నామె చెప్పింది. "కంట్రోలుకు వచ్చినామప్పా. మనిషికెన్ని బుడ్డలు ఇస్తాండారు? కార్డుకా, తలకా?"

విద్యార్థి మొహంలో నెత్తురు చుక్క లేదు. అవ్వ మాత్రం కొంగు నడుముకు దోపుకుని వచ్చి, తూకం పక్కన ఠీవిగా నిలబడింది. "చూడండి కాయలు ఎట్లుండాయో! మీరు ఏమీ పెట్టమంటిరి. ఊరు తినేదానికి ఏమీ పెట్టకుంటే ఎట్లప్పా? నేనే మంద తోలిచ్చినా. దిబ్బెరువు వేయించినా."

ప్రొఫెసరు విద్యార్థి వైపు చూశాడు. నాకు నవ్వు ఆగలేదు. గడ్డివామి చాటుకు పోయి కడుపు పట్టుకుని నవ్వి, మొహం సరిచేసుకుని తిరిగొచ్చేసరికి నవ్వవలసిన విషయం ఏమీ మిగలలేదు. ప్రొఫెసరు అప్పటికే తీర్పు చెప్పేశాడు. ఈ పంట లెక్కలోకి రాదు. ఈ ఎరువు తగలని మా ఇంకో చేనులో, ఇంకొక్క పంటకు మాత్రం గడువు ఇప్పించగలడు. అదీ పాడైతే ఈ పరిశోధన ఇంతటితో సరి, డాక్టరేటు మాట మరిచిపోవాలి. జీపు వెళ్ళిపోయింది. విద్యార్థి సున్నం పూసిన రాయి మీద కూర్చుండిపోయాడు.

"ఏమంటాడే ఆ పెద్దసారు?" అని అవ్వ నన్ను అడిగింది. ఏమీ పెట్టకపోతే ఎంత పండుతుందో చూడటానికే ఆ చెక్కను వదిలారని, ఆమె పెట్టడంతో ఆ పిల్లవాడి చదువు గంగలో కలిసేలా ఉందని చెప్పాను.  ఆమె వచ్చినవాళ్ళను ఉత్త సంచులతో పంపవద్దని, తలా ఇన్ని కాయలు పోయమని నాయనకు చెప్పి, తను రాయి దగ్గరికి వెళ్ళింది.

"రేపటేడు దానికి నేనే కావిలి. ఒక్క పెంటిక పడనీను, సూడు" అంది. ఆమె ఎవరికైనా క్షమాపణ చెప్పడం నేను విన్నది ఆ ఒక్కసారే, అదీ ఈ రూపంలో.

మాటంటే మాటే. మరుసటి ఎండాకాలం మంద కొత్త చేనులోని కంట్రోలు చెక్క పక్కగా పోతుంటే కట్టె పట్టుకుని గట్టు పొడుగునా వెంట నడిచేది. ఒక గొర్రె దారి తప్పి ఆ చెక్కలో నాలుగు పెంటికలు వేస్తే, చేటలో ఎత్తి అవతలి చెక్కలో పారబోసింది. పొరుగువాళ్ళ బర్రె అటు చూసినందుకు పొరుగువాళ్ళతో జగడమాడింది. చేనుకు ఎరువు పడకుండా కాపలా కాసే మనిషిని మా మండలంలో ఎవరూ ఎరగరు. జనం పని మానుకుని వచ్చి చూసి పోయేవాళ్ళు.

బి.ఏ. అయిపోయి నేను ఇంట్లోనే ఉన్న ఆ ఏడు, విత్తిన తర్వాత వాన మొహం చాటేసింది. మంద కట్టిన చెక్క వాడిపోతూ, లేస్తూ, ఎలాగో నిలబడింది. కంట్రోలు చెక్క పసుపురంగుకు తిరిగింది. విద్యార్థికి కావలసిన తేడా కళ్ళముందే కనబడుతోంది. అవ్వకు మాత్రం ముద్ద దిగేది కాదు. "నేను తింటాండా, అది పస్తుండాది" అనేది కంచం ముందు కూర్చుని. ఆ మాట విద్యార్థి చెవిన పడింది. సాయంత్రం మా అరుగు మీదికి వచ్చి, తల వంచుకుని చెప్పాడు.

"మీకింత బాధగా ఉంటే పెట్టేయండి అవ్వా. నా చదువు ఏమైతే అదవుతుంది."

అతను ఆ మాట మనసారా అన్నాడు. నాకప్పుడు అతని మీద ఎంత గౌరవం కలిగిందో చెప్పలేను. అవ్వ మాత్రం మండిపడింది. "నోరు మూసుకోప్పా! ఒక తూరి చెడగొట్టినా. రెండో తూరి నీకోసరం కూడా చెడగొట్టను. పో, పోయి నీ స్కేలు పట్టుకో."

పంట పీకే రోజు ప్రొఫెసరు మళ్ళీ వచ్చాడు. మంద కట్టిన వైపు ఓ మాదిరి కుప్ప పడింది. ఇటువైపు కాయలు చేటెడు కూడా రాలేదు. ప్రొఫెసరు విద్యార్థి భుజం తట్టి, డాక్టరుగారూ అని పిలిచాడు. నాయన చప్పట్లు కొట్టాడు. ఇంక బయలుదేరుదామని ప్రొఫెసరు జీపెక్కాడు.

"ఇంక అయిపోయినట్టేనా? దాంతో పని ల్యాదు గదా?" అని అవ్వ అడిగింది.

"లేదవ్వా. అంతా అయిపోయింది."

ఆమె గట్టు కింద ముందే తెచ్చిపెట్టుకున్న దిబ్బెరువు గంప ఎత్తి అతని చేతుల్లో పెట్టింది. "పస్తు పెట్టిచ్చినోడివి నువ్వు. నువ్వే పెట్టు."

అతను ప్యాంటు పైకి మడిచి చేనులోకి దిగాడు. జీపు హారను మోగుతూనే ఉంది. గంప ఖాళీ అయితే నేను నింపి ఇచ్చాను. అవ్వ అతని వెనకాలే నడుస్తూ, పైట కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ, "ఆ మూలకు పడల్యా సారూ, ఆ మూలకు" అని చెబుతూనే ఉంది.