తాంబడి సూదిమందుతో కుండల్‌వాడి దాకా

ఆదివారం మధ్యాహ్నం భోంచేసి నడుం వాల్చానో లేదో మా గంగక్క ఫోన్ చేసింది. ఆమెది కుండల్‌వాడి పక్కన పల్లె. మాది నాందేడ్‌లో గిన్నెల దుకాణం.

"తమ్మీ, మీ బావ ఒక సూదిమందు చీటీ ఫోన్ల పంపిండు. నాందేడ్‌ల తీస్కొని రేపు నువ్వే రా. ఎవ్వరి చేతికీ ఇచ్చి పంపకు" అంది. గొంతు బొంగురుగా ఉంది. ఎవరికే అక్కా సూది అంటే "తాంబడికి" అంది.

తాంబడి వాళ్ల ఎర్ర కంధారి జాతి ఆవు. దాని తల్లి ఈనగానే చచ్చిపోతే అక్క సీసాతో పాలు పట్టి పెంచింది. రెండు ఈతలు చక్కగా ఈనింది. తర్వాత రెండేళ్లు ఎదకు రావడమే మానేసింది. అప్పటి పశువుల డాక్టరు ఇంగ్లీషు టి అక్షరంలాంటి రబ్బరు సాధనమొకటి దాని గర్భద్వారం దగ్గర పెట్టి, వారం ఉంచి, తీసే ముందు ఒక సూది వేశాడు. మూడో రోజుకల్లా ఆవు ఎదకొచ్చింది. ఆయనే కృత్రిమ గర్భధారణ చేసి, ఆ నెలలోనే బదిలీ మీద వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఆవు మళ్లీ ఎద చూపలేదు. పాత రోగమే తిరగబెట్టిందనీ, అదే సూది ఇంకోసారి వేయిస్తాననీ, దానికీ లొంగకపోతే వచ్చే బజారుకు తోలి అమ్మేస్తాననీ మా విఠల్ బావ తేల్చి చెప్పాడట. అక్క గొంతు బొంగురుపోయింది అందుకే.

సాయంత్రం పశువుల మందుల దుకాణానికి వెళ్లి చీటీ చూపించాను. చిన్న సీసా ఇచ్చారు. సూదిమందు అంటే చల్లగా ఉండాలి కదా అని, సోమవారం తెల్లవారి మా దుకాణంలోదే ఒక మంచి స్టీలు ఫ్లాస్కు తీసి, నిండా ఐసు వేసి, సీసాను ప్లాస్టిక్ కవరులో చుట్టి అందులో దించాను. మా ఆవిడ చూసి నవ్వింది. మందులు మోయడం ఆషామాషీ కాదని ఆమెకు పావుగంట చెప్పాను.

నాందేడ్ నుంచి కుండల్‌వాడి వెళ్లేవాళ్లకు రెండు దారులు. ఒకటి నర్సీ, బిలోలీ మీదుగా బస్సు. రెండోది ధర్మాబాద్ దాకా రైలు, అక్కడి నుంచి జీపు. పొద్దున పోవాలంటే రైలే సుఖం. టికెట్ తక్కువ, నడుము నొప్పి ఉండదు. నేనెక్కిన బండి ఏడింటికి పది నిమిషాలు తక్కువగా కదిలింది. జనరల్ పెట్టెలో కిటికీ పక్కన చోటు దొరికింది. ముద్‌ఖేడ్‌లో సగం పెట్టె దిగింది, భోకర్ వైపు బండి మారేవాళ్లంతా అక్కడే దిగుతారు. టీ తాగాను. టీ పేరుకే.

ఎదురుగా డెబ్బై ఏళ్ల పెద్దమనిషి ఒకాయన కూర్చున్నాడు. తెల్ల టోపీ, ఒళ్లో సంచీ. నేను ఫ్లాస్కును రెండు చేతులా పట్టుకోవడం చూసి "ఏందది సేట్, గంగాజలమా?" అన్నాడు. పేరు మాణిక్‌రావు, పశువుల దవాఖానలో ముప్పై ఏళ్లు కంపౌండర్‌గా చేసి రిటైరయ్యాడట. ఉమ్రీలో బిడ్డ ఇంటికి పోతున్నాడు. నేను కొంచెం గొప్పగానే తాంబడి కథంతా చెప్పి, మూత తీసి చూపించాను. ఆయన సీసా మీది పేరు చదివి, దాన్ని నా చేతికే ఇచ్చేశాడు.

"దీనికి ఐసు అక్కర లేదు సేట్. ఎండ తగలకుంటె సాలు" అన్నాడు. పొద్దుటి నుంచి ఉన్న నా దర్జా అంతా దిగిపోయింది. "గది సరే గని, ఆవును చెయ్యి వెట్టి సూసిండ్రా?"

"ఎందుకు? ఎదకు రావట్లేదు గనకనే కదా సూది."

"సూదెయ్యక ముందు సూడాలె. మొన్న సూది మీద ఎదకు అచ్చినంక సెమెన్ ఇచ్చిండ్రు గదా, ఎన్ని దినాలైంది?"

నాకు తెలియదు. అక్కకు ఫోన్ కలిపి స్పీకర్‌లో పెట్టాను. రెండున్నర నెలలు దాటిందంది. చెయ్యి పెట్టి చూపించారా అని అడిగితే "సూపిచ్చేదేముంది? రెండో దినమే నెత్తురు పడ్డది. మా అత్తమ్మ సూసి బయటుందన్నది. ఇగ సూడి కట్టలేదని తెల్సిపాయె గదా" అంది. అత్తమ్మ అంటే అక్క అత్తగారు సాయవ్వ. ఆ ఇంట్లో ఆడవాళ్లు ముట్టయితే మూడు రోజులు వంటింట్లోకి రారు. సాయవ్వ ఆ లెక్కనే ఆవును కూడా మూడు రోజులు కొట్టం చివర విడిగా కట్టేయించిందట. నవ్వొచ్చింది. మాణిక్‌రావు నవ్వలేదు.

"గది ముట్టు గాదమ్మా" అని ఫోన్ వైపు వంగి చెప్పాడు. "ఎద దిగినంక రెండో మూడో దినం కొన్ని ఆవులకు గట్లనే నెత్తురు పడ్తది. ఎదలున్నప్పుడు పెరిగిన హార్మోన్ దిగిపోతె పడే నెత్తురది. కట్టిందా లేదా గది చెప్పదు." లైన్ తెగిపోయింది. అక్క ఎంత విన్నదో తెలియదు.

ఆయన నా వైపు తిరిగాడు. "ఎద అయిపోయినంక అండాశయం మీద పసుపుపచ్చ గడ్డ ఒకటి లేస్తది సేట్. సూడి నిలవడితె గా గడ్డనే దాన్ని కాపాడ్తది. ఆవు మల్ల ఎదకు రాకపోయేది కూడ అందుకే. కొన్నిసార్లు కడుపు ఖాళీగున్నా గడ్డ కరగక కూసుంటది, అప్పుడూ ఎదకు రాదు. నీ చేతుల ఉన్న మందు గా గడ్డను కరగగొడ్తది. ఖాళీ ఆవైతె మూడు నాలుగు దినాలల్ల ఎదకస్తది. సూడి ఆవైతె పడిపోతది. మందుకు కండ్లు లెవ్వు."

అంటే ఆవు ఎదకు రాకపోవడానికి కారణం రోగమూ కావచ్చు, దూడా కావచ్చు. దూడే అయితే, దాన్ని చంపే మందును నేను ఐసులో పెట్టి పసిబిడ్డలా మోసుకుపోతున్నాను. ఉమ్రీలో దిగుతూ మాణిక్‌రావు "ఆడోళ్లను, గర్భంతోటున్నోళ్లను దాన్ని ముట్టనియ్యకు. మంచిది సేట్" అని చెయ్యెత్తి వెళ్లిపోయాడు. ఫోన్ నంబరు అడగాలని బండి కదిలాక తోచింది. నా తెలివి ఎప్పుడూ ఒక స్టేషన్ ఆలస్యం.

ధర్మాబాద్‌లో దిగేసరికి ఎనిమిదిన్నర. స్టేషన్ బయటికి రాగానే మిరపకాయల ఘాటు ముక్కుకు తగిలింది. జీపువాడు పద్నాలుగు మంది ఎక్కితే గానీ కదలనన్నాడు. పన్నెండో మనిషి ఎక్కాక, మిగతా ఇద్దరి డబ్బులు నేనిస్తాను పదవయ్యా అన్నాను. పక్కన కూర్చున్న ఆమె "ఏందన్నా, ఎవరికన్న సీరియస్సా?" అని అడిగింది. అవునమ్మా అన్నాను. ఆవు అని చెప్పడానికి మొహమాటం అడ్డొచ్చింది.

కుండల్‌వాడిలో ఆటో పట్టుకొని పల్లె చేరేసరికి పది దాటింది. భయపడినట్టే బావ అన్నీ సిద్ధం చేసి పెట్టుకున్నాడు. తాంబడిని రెండు గుంజల మధ్య కట్టేశారు. సూదులు వేసే నాందేవ్ సిరంజి పట్టుకొని నిలబడ్డాడు. బావ చెయ్యి చాపాడు. నేను ఫ్లాస్కు చంకలో పెట్టుకున్నాను.

"ముందు డాక్టర్ చెయ్యి పెట్టి చూడాలి బావా. చూడి ఉంటే ఈ మందుకు పడిపోతుంది."

"ఎవరు జెప్పిండ్రు?"

"రైల్లో ఒకాయన."

బావ మొహం ఎర్రబడింది. "రైల్ల ఒకాయన. నువ్వేమన్న మందుల దుకాణపోనివా? గిన్నెల దుకాణపోనివి. రెండేండ్ల సంది మేపుతున్న, ఒక్క సుక్క పాలు లెవ్వు. నేను ఎన్కముందర సూసుకోవద్దా?"

నేను ఇవ్వనంటే ఇవ్వనన్నాను. నలభై ఏళ్లలో బావకు ఎదురు చెప్పడం అదే మొదలు. అక్క వచ్చి ఆవుకూ నాందేవ్‌కూ మధ్య నిలబడింది. నాందేవ్ కాసేపు ఇద్దరినీ చూసి, సిరంజి జేబులో పెట్టేసుకున్నాడు. "సూపియ్యుండ్రి కాకా. రేపు ఏమన్నయితె నా మీదికస్తది" అని, కుండల్‌వాడి దవాఖానకు కొత్తగా వచ్చిన డాక్టరమ్మకు తనే ఫోన్ చేశాడు. ఊళ్లు తిరుగుతున్నాను, ఒంటిగంటకు వస్తానందట.

ఆ మూడు గంటలు ఎలా గడిచాయో నాకే తెలియాలి. అక్క జొన్నరొట్టె, శనగపిండితో చేసిన పిట్ల, పచ్చిమిర్చి దంచిన ఠేచా పెట్టింది. ఆమె చేతి పిట్ల కోసం ఎవరైనా ఇంత దూరం రావచ్చు, అయినా గొంతు దిగలేదు. బావ అసలు తినలేదు. సాయవ్వ నా పక్కన కూర్చొని "నేను నా కండ్లతోటి సూసిన బిడ్డా. నెత్తురే" అంటూ ఉంది. నెత్తురు కాదని ఎవరన్నారవ్వా అన్నాను. లోపల మాత్రం, ఒకవేళ ఖాళీ అని తేలితే బావ మొహం ఎలా చూడాలా అని బెంగగానే ఉంది.

డాక్టరమ్మ ఒకటిన్నరకు స్కూటీ మీద వచ్చింది. ముప్పై ఏళ్లు కూడా ఉండవు, మరాఠీ తప్ప తెలుగు రాదు. భుజం దాకా తొడుగు వేసుకొని, సబ్బునీళ్లు రాసుకొని, చెయ్యి లోపలికి పోనిచ్చింది. తల పక్కకు తిప్పి గోడ వైపు చూస్తూ నిలబడింది. అక్క తాంబడి మెడ పట్టుకుంది. ఈగలు ముసురుతున్నాయి.

"గాభణ్ ఆహే కాకా" అంది డాక్టరమ్మ. చూడితో ఉందని. "అడీచ్ మహినే." రెండున్నర నెలలు.

బావ మళ్లీ అడిగాడు. ఆమె మళ్లీ చెప్పింది, పిండం నీటిసంచీ చేతికి తెలుస్తోందని, అంతా బాగుందని. ఏ సూదీ వద్దు, నెల తర్వాత ఇంకోసారి చూస్తానంది. అక్క ఆవు మెడ మీద మొహం పెట్టి ఏడ్చేసింది. సాయవ్వ ఆవు తోకను కళ్లకద్దుకొని, "మరి గా నెత్తురేందమ్మా?" అని డాక్టరమ్మను నిలదీసింది. ఆమె మరాఠీలో ఓపికగా మాణిక్‌రావు చెప్పిందే చెప్పింది. చల్లారిన రొట్టెలు రెండు తిన్నాను, ఇంకొకటి అడిగి వేయించుకున్నాను. బావ మాత్రం కొట్టంలోనే కూర్చుండిపోయాడు. వస్తానని చెబితే తల ఊపాడంతే.

నాలుగున్నరకు కుండల్‌వాడిలో ఎర్ర బస్సెక్కాను. ఇటు నుంచి వచ్చేటప్పుడు బస్సే మేలు, రైలు కోసం ధర్మాబాద్‌లో పడిగాపులు పడనక్కర లేదు. బిలోలీ దాటాక పత్తి మోపుల ట్రాక్టర్లు దారికి అడ్డం పడి కాస్త ఆలస్యమైంది. నాకేమీ విసుగు రాలేదు. పొలాల మీద ఎండ వాలుతోంది. కిటికీలోంచి ఎక్కడ ఆవు కనిపించినా దాని పొట్ట వైపు చూస్తున్నాను.

నర్సీ దగ్గర ఫోన్ మోగింది. విఠల్ బావ. ఆయన నాకు తనంతట తాను ఫోన్ చేయడం ఎన్నడూ ఎరగను.

"ఎక్కడిదాంక పోయినవు బామ్మర్దీ?"

నర్సీ అన్నాను.

"నీకొక మాట చెప్పలే. పోయిన శుక్రారమే నేను ధర్మాబాద్ పోయిన గా సూది కొరకు. స్టాకు లేదన్నడు దుకాణపాయన. ఇంతపెద్ద దుకాణం వెట్టుకొని గీ ఒక్క సూది లేదా అని మీద వడి తిట్టి అచ్చిన. గాయన దగ్గర ఉండుంటె..." అని ఆగిపోయాడు. "గంతే. పైలంగ పో" అని పెట్టేశాడు.

నలభై ఏళ్లుగా నేను దుకాణంలో కూర్చుంటున్నాను. వచ్చిన మనిషికి "లేదు" అని చెప్పాల్సి వస్తే ఆ రోజంతా నాకు మనసు మనసులో ఉండదు. ఆ ధర్మాబాద్ దుకాణదారు ఎవరో నాకు తెలియదు, మా బావ తిట్లు తిని ఆ రాత్రి ఆయనకూ అన్నం సయించలేదేమో. బస్సు నాందేడ్ చేరేలోగా ఆయనకు నేను ఎన్ని దండాలు పెట్టుకున్నానో లెక్క లేదు.