చీపురు పట్టని గంట

మా ఆవిడ విమానమెక్కిన రోజున, దిగానని ఫోను చేసేదాకా నేను ఇంట్లో చీపురు పట్టను. అది మా ఇంటి ఆచారం కాదు. శ్రీకాకుళం బస్సులో పక్కన కూర్చున్న ఒకామె దగ్గర అంటుకుంది.

ఆమెది పాతపట్నం వైపు పల్లె. గుండె ఆపరేషనుకని భర్తను, తోడుగా కొడుకును విశాఖలో హైదరాబాదు విమానానికి సాగనంపి వస్తోంది. దారిలో తినడానికి కట్టిన పులిహోర ఆమె ఒళ్లోనే ఉంది. ఇంత చిన్న ప్రయాణానికి ఎందుకని కొడుకు వద్దన్నాడట. తగరపువలస దాటాక అతనే ఫోను చేశాడు, విమానం బయల్దేరుతోందని.

"ఎంతసేపట్లో ఎల్తాది బాబూ?" అని నన్నడిగింది.

"బస్సుకైతే రాత్రంతా పడుతుందమ్మా. విమానానికి గంటంపావు."

వెంటనే ఇంటి దగ్గరున్న కోడలికి ఫోను కలిపింది. "ఒసే, ఇల్లు తుడిసీసినావేటి? తుడవకు. మీ మావ ఇంకా గాల్లోనే ఉన్నాడు."

మనిషి ఊరెళ్తే, చేరేదాకా ఇల్లు తుడవకూడదట. "ఇదివరకు మర్నాటి దాకా సెత్త అలాగే ఉండిపోయేది. ఇప్పుడు గంటే."

"మంచిదేగా" అన్నాను. ఆమె ఒళ్లోని పులిహోర మూట సర్దుకుంది.

శ్రీకాకుళం దగ్గర పడుతుండగా కొడుకు మళ్లీ ఫోను చేశాడు. ఆమె కొంగుతో కళ్లొత్తుకుని కోడలికి చెప్పింది. "దిగీసినారంట. ఇంక తుడిసీ."

పెట్టేయబోయి, ఫోను మళ్లీ చెవికి ఆనించుకుంది.

"ఒసే, గుమ్మం కాడ మాత్రం ముట్టుకోకు. ఆయన సెప్పుల మట్టి ఉన్నాది. ఆయనొచ్చినాక నానే తుడుస్తాను."