షాంఘై అక్కాచెల్లెళ్ళు

మేముండేది నోయిడాలో. రోజూ ఢిల్లీలో కాలేజీకి అంతదూరం తిరగలేనని మా అమ్మాయి అక్కడే బేర్ సరాయ్‌లో స్నేహితురాళ్ళతో కలిసి గది తీసుకుని చదువుకుంటోంది. ఆ పిల్లలంతా కొన్ని ఆదివారాలు పక్కనే ఉన్న జియా సరాయ్‌లోని ఒక కోచింగ్ సెంటర్ హాలు అడిగి తీసుకుని పాత సినిమాలు, పరాయి దేశాల సినిమాలు వేసుకుంటారు. ఈసారి మూకీల కాలంలో షాంఘైలో వెలిగిపోయిన ఒక నటి జీవితం మీద తీసిన సినిమా అట. పత్రికల్లో వచ్చిన పుకార్లు భరించలేక, చిన్న వయసులోనే ప్రాణం తీసుకుందట ఆవిడ.

నన్నెవరూ పిలవలేదు. నేనూ వస్తానంటే, బోర్ కొడుతుందని మా అమ్మాయి మెల్లగా తప్పించబోయింది. నాకు పౌరుషం వచ్చింది. కాలేజీ రోజుల్లో నేను ఫిల్మ్ సొసైటీ సభ్యుణ్ణని గుర్తు చేశాను. సభ్యుణ్ణే. చందా కట్టి రెండు సినిమాలకు వెళ్ళాను. అందులో ఒకటి నిద్రలో గడిచిపోయింది.

మెట్రోలో కునుకు పట్టి, దిగాల్సిన స్టేషన్ దాటిపోవడంతో నేను చేరేసరికి బొమ్మ మొదలై చాలాసేపైంది. చీకట్లో తడుముకుంటూ చివరి వరసలో కూర్చున్నాను. ముందు కూర్చున్న కుర్రాడికి బోలెడంత జుట్టు. సరిగ్గా ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ పడే చోటికి అడ్డం. తల పక్కకు జరపమని అడిగితే వయసు బయటపడుతుందని ఊరుకుని, కథ నేనే అల్లుకున్నాను.

తెర మీద కాసేపు రంగుల్లో ఒకామె, కాసేపు నలుపు తెలుపుల్లో మరొకామె. ఇద్దరికీ పోలికలున్నాయి. కాబట్టి అక్కాచెల్లెళ్ళు. నలుపు తెలుపుల ఆవిడ అక్క, పెద్ద తార. రంగుల్లో ఉన్న చెల్లెలు అక్కలాగే జుట్టు దువ్వుకుని, అక్కలాగే తల వంచి నవ్వడం నేర్చుకుంటోంది. మధ్యమధ్య ఆ చెల్లెలే మామూలు బట్టల్లో కూర్చుని ఎవరో అడిగినవాటికి జవాబులు చెబుతోంది. అక్క చావు మీద పోలీసు విచారణ అనుకున్నాను. అన్నీ చక్కగా అతికాయి.

ఢిల్లీలో చలి మొదలైందంటే నా ముక్కు, కళ్ళు నా మాట వినవు. ఆ రోజూ అంతే, ధారగా కారుతున్నాయి. పక్కనున్న అమ్మాయి చూసి మెత్తగా ఒక టిష్యూ అందించింది. ఎలర్జీ అని చెప్పవచ్చు. చెప్పలేదు.

దీపాలు వెలిగాక చర్చ. నా ఎర్రబడ్డ కళ్ళు చూసి నిర్వాహకుడు ముందు నన్నే మాట్లాడమని మైకు ఇచ్చాడు.

"అంకుల్, పహలే ఆప్ కుఛ్ బోలియే."

ఢిల్లీ వచ్చి ఇన్నేళ్ళయినా నా హిందీలో ఆడా మగా తేడా కుదరదు. ఆ హిందీలోనే, అక్క పోయాక ఆ చెల్లెలు పడ్డ వేదన గురించి, అక్క పేరు నిలబెట్టడానికి ఆ అమ్మాయి చేసిన తపస్సు గురించి మాట్లాడాను. ముందు వరసలో ఒక కుర్రాడు గంభీరంగా తలూపి, ఇద్దరు నటుల మధ్య రక్తసంబంధం ఊహించడం చాలా కొత్త కోణమన్నాడు. ఒకమ్మాయి రాసుకుంది. మా అమ్మాయి మాత్రం సీలింగ్ ఫ్యాన్ వైపు చూస్తూ ఉండిపోయింది.

బయటికొచ్చి చాయ్ తాగుతుంటే మా అమ్మాయి నిజం చెప్పమంది.

"నాన్నా, సచ్ బతావో. చెల్లెలెవరు?"

"రంగుల్లో ఉన్నావిడ."

అది గ్లాసు పక్కన పెట్టి, చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పింది. నలుపు తెలుపువి ఆ నటి నిజంగా నటించిన పాత సినిమాల ముక్కలు. రంగుల్లో ఉన్నది ఇప్పుడు ఆవిడ పాత్ర వేసిన నటి. పోలీసు విచారణ కాదు, ఆ పాత్ర గురించి ఏమనుకుంటున్నావని దర్శకుడే ఆ నటిని అడుగుతున్నాడు.

"అయితే ఆవిడకి చెల్లెలు లేదా?"

"లేదు నాన్నా. సినిమాలో అయితే లేదు."

సిగ్గుపడాల్సింది పోయి నాకు దిగులేసింది. అంతసేపూ, ఆ పిల్ల పోయినా వెనక ఒక తోబుట్టువు ఉంది, పుకార్లు రాసినవాళ్ళకు జవాబు చెబుతుంది అని ధైర్యంగా కూర్చున్నాను. ఇప్పుడు చూస్తే ఎవరూ లేరు. తలుపు వేసుకుని ఒక్కతే పోయింది. కళ్ళు మళ్ళీ తడిశాయి.

"ఎలర్జీ మాత్ర వేసుకోలేదా?" అంది మా అమ్మాయి, బ్యాగులో వెతుకుతూ.

వేసుకోలేదన్నాను. అది మాత్ర ఇచ్చింది. చాయ్‌తోనే మింగేశాను.

నెల తిరగకుండానే ఫోన్ చేసింది. దాని స్నేహితులు తర్వాతి సినిమాకు అంకుల్‌ని తప్పకుండా తీసుకురమ్మంటున్నారట. నాకు ఛాతీ ఉబ్బింది. ఎందుకంటున్నారని అడిగితే కాసేపు నవ్వి, రమ్మంది, కానీ మైకు మాత్రం ముట్టుకోవద్దని మాట తీసుకుంది. ఇచ్చాను. ముందుగా వెళ్ళి, ముందు వరసలో కూర్చుని, సబ్‌టైటిల్స్ ఒక్కటీ వదలకుండా చదివాను. ఒక్క ముక్కా అర్థం కాలేదు. చర్చ మొదలవగానే చెయ్యెత్తాను.