బంక కలిపిన పౌడరు

నా చిన్నప్పుడు, నిజాం రోజుల్లో, మా ఇబ్రహీంపట్నం ఆడవాళ్లకు ముఖానికి పసుపు రాసుకోవడమే తెలుసు. మా వాడ మొత్తానికి పౌడరు డబ్బా ఉన్నది పక్కింటి అక్క దగ్గరే. ఆ డబ్బా ఆమె సోకు కోసం వచ్చింది కాదు.

అక్కకు చిన్నతనంలోనే మహేశ్వరం పిల్లవాడితో పెళ్లయింది. కాపురానికి పోవాల్సిన ఏడాదే అమ్మవారు పోసింది. ప్రాణం దక్కింది కానీ ముఖం నిండా గుంటలు పడ్డాయి. అత్తగారి వైపు నుంచి రెండేళ్లు ఉలుకూ పలుకూ లేదు. చివరికి ఒకసారి పిల్లను తీసుకురండి, చూసి చెబుతాం అని కబురు వచ్చింది. పట్నంలో పనిచేసే వాళ్లన్న ఆ మాట విని డబ్బా తెచ్చి ఇచ్చాడు. పౌడరు అద్దితే గుంటలు కాస్త పూడినట్టు కనిపించేవి. ఆమెకున్న ఆశంతా అదే.

ఇంట్లో రాసుకుని బయలుదేరితే బండి ప్రయాణంలో చెమటకూ దుమ్ముకూ ఏమీ మిగలదు. ఊరి దగ్గరికి చేరాకే రాసుకోవాలి. డబ్బా మూతేమో వదులు, కుదుపులకు సగం ఒలికిపోతుంది. అందుకని అక్క ఆ పౌడరును కుంకుమ భరిణలో బిళ్లలా బిగించాలనుకుంది. పలుచని గుడ్డలో జల్లించి, గులాబీ నీళ్లు బొట్టుబొట్టుగా చల్లి, పిడికిట్లో ముద్ద నిలిచేదాకా కలిపింది. భరిణలో నింపి, పైన పాత ధోవతి గుడ్డ పరిచి, తక్కెడ రాయితో అదిమి నీడన ఆరబెట్టింది. ఆరాక అది పగిలింది. మళ్లీ నలిపి మళ్లీ కలపడానికి కూర్చుంది. ఈసారీ పగిలితే ఎట్లా అని ఒకటే గొణుగుడు.

నాకప్పుడు ఎనిమిదేళ్లు. తెలివి మాత్రం ఊరందరికన్నా నాకే ఎక్కువనుకునేదాన్ని. అక్క నీళ్లకు పోయిన సందులో, మా నాన్న సిరాలో కలపడానికి నానబెట్టుకున్న తుమ్మబంక తెచ్చి ఆ ముద్దలో కలిపేశాను. ఈసారి బిళ్ల పగలలేదు, అద్దంలా నున్నగా వచ్చింది. అక్క మురిసిపోయి నా బుగ్గ నిమిరింది. బంక సంగతి నేను చెప్పలేదు.

అత్తగారింటికి పోయే పిల్ల వెంట ఒక చిన్నపిల్లను తోడు పంపడం మా దగ్గర ఆనవాయితీ. అట్లా అక్కతోనూ వాళ్లమ్మతోనూ నేనూ బండెక్కాను. మహేశ్వరం బయట బావి దగ్గర అక్క ముఖం కడుక్కుని భరిణ తెరిచింది. గుడ్డతో రుద్దితే పౌడరు అంటలేదు. గోటితో గీకితే సన్నని గీత పడింది, అంతే. బంక రాయిలా పట్టేసింది. వాళ్లమ్మ పొద్దుపోతోందని తొందరపెడుతోంది. నేను బండి చాటుకు తప్పుకున్నాను. అక్క భరిణ మూసి, కొంగుతో ముఖం తుడుచుకుని బండెక్కింది.

అత్తగారు అక్క గడ్డం పట్టుకుని ముఖాన్ని గడప వెలుతురులోకి తిప్పి చాలాసేపు చూసింది. లోపలికి పోయి ఏదో మాట్లాడి వచ్చింది.

"పిల్ల మంచిదే. మావోడు ఒద్దంటుండు," అంది.

మజ్జిగ ఇచ్చారు. తాగి, వచ్చిన బండిలోనే తిరిగి వచ్చాం. దారిలో వాళ్లమ్మ ఏడ్చి ఏడ్చి నిద్రపోయాక, బంక నేనే కలిపానని అక్క చెవిలో చెప్పేశాను. ఆమె భరిణ మూత తెరిచి చూసి మళ్లీ మూసింది. తర్వాత నా తల తన ఒళ్లోకి తీసుకుంది.

"ఊకో బిడ్డ. ఆయన బయటికే రాలే. సూడనోనికి పౌడరెందుకు? మా అవ్వ లేసినంక ఆమెకు చెప్పకు."

ఆమె కూడా ఎవరికీ చెప్పలేదు. మళ్లీ ఎవరూ ఆమెను రమ్మనలేదు. అన్నావదినల ఇంట్లో వండిపెడుతూనే ముసలిదైపోయింది.

నన్ను కాపాడటానికి ఆ మాట అన్నదా, నిజంగానే అనుకున్నదా? ఇన్నేళ్లయినా తేల్చుకోలేకపోయాను. అత్తగారు అంతసేపు చూసింది దేనికి? ముఖం కాస్త నున్నగా ఉంటే లోపల ఇంకో మాట చెప్పేదేమో. అక్క మాటే నిజం కావాలని ఈ వయసులోనూ మొక్కుకుంటాను. అంటే పౌడరు అంటినా ఆమెకు కాపురం దక్కేది కాదని మొక్కుకోవడమే కదా. నా మనసు తేలికపడటానికి నాకు ఇంకో దారి లేదు.